ఒకటిన్నర వేలు దిగిన భుజం

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ వాళ్లు ఒక ఏడాది కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు మెయిన్ రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించాలనుకున్నారు. పాఠాలు చెప్పేవాళ్లమంతా కోట్లు వేసుకుని, చేతులు కట్టుకుని, వరసగా అందులో ఉండాలి. మా డైరెక్టర్‌ది గుంటూరు వైపు. స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి, "బ్లేజర్ లేకుండా ఎవరూ కెమెరా ముందుకు రావద్దండీ. ఎదురు సెంటర్ వాళ్ల బోర్డు చూశారుగా, అందరూ కలెక్టర్లలా ఉన్నారు," అని చెప్పి వెళ్లారు.

నాకు కోటు లేదు. జాగ్రఫీ చెప్పే సార్‌ది అడిగి తొడుక్కున్నాను. ఫోటోగ్రాఫర్ నన్ను నీలం గుడ్డ ముందు నిలబెట్టి, కెమెరాలోంచి చూసి, "సార్, కుడి భుజం జర లేపుండ్రి," అన్నాడు. లేపాను. "గంత గాదు." దించాను. "మల్ల కిందికి పోయింది సార్." ఇలా నాలుగైదుసార్లు అయ్యాక కెమెరా తిప్పి తెర మీద నన్ను నాకే చూపించాడు. నేను నిటారుగా నిలబడ్డాననే అనుకుంటున్నాను. తెర మీదున్న మనిషి మాత్రం పక్కనెవరో మెల్లగా ఏదో చెబుతుంటే వినడానికి ఒరిగినట్టు ఉన్నాడు.

"వేరేటోళ్ల కోటు గద సార్, గందుకే గట్ల పడ్డది. మీ కొలతకు కుట్టిచ్చుకొని రాండ్రి," అన్నాడతను.

నాకప్పటికి నలభై మూడేళ్లు. నా భుజం గురించి అంతవరకు ఎవరూ నాతో ఏమీ అనలేదు.

మలక్‌పేటలో ఒక పాత దర్జీ ఉన్నాడని, కోట్లు ఆయనే బాగా కుడతాడని జాగ్రఫీ సార్ చెప్పారు. మర్నాడు మెట్రో దిగి ఆ గల్లీ వెతుక్కుంటూ వెళ్లాను. తెల్లటి గడ్డం, మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. డెబ్బై దాటి ఉంటాయి. నన్ను అద్దం ముందు నిలబెట్టి, "సీదా నిలబడుండ్రి సార్," అని వెనక్కి వెళ్లాడు. ఎడమ పక్క కొలిచాడు. కుడి పక్క కొలిచాడు. మళ్లీ ఎడమ పక్క కొలిచాడు. అప్పుడు టేపు వదిలేసి అరచేతులు రెండు నా భుజాల మీద ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు.

"రైట్ ఒకటిన్నర వేలు దిగి ఉంది సార్. మీరేమన్న మూటలు మోసిన్రా, చిన్నప్పుడు?"

"లేదు. నేనెప్పుడూ ఏమీ మొయ్యలేదు."

"అయితే మీ నాయన మోసిండు."

మా నాయన కొత్తపేట పళ్ల మార్కెట్‌లో ముప్పై ఏళ్లు హమాలీ. మార్కెట్ ఊరి బయటికి వెళ్లిపోయేదాకా అక్కడే పనిచేశాడు. నల్లగొండ నుంచి లారీల్లో వచ్చే బత్తాయిలు దించడం ఆయన పని. ఈ సంగతి కోచింగ్ సెంటర్‌లో ఎవరికీ తెలియదు. అడిగితే ఫ్రూట్ బిజినెస్ అని చెప్పేవాణ్ని.

"మీకెట్లా తెలుసు?" అని అడిగాను.

"నలభై యాభై ఏళ్ల సంది భుజాలే చూస్తున్న గద సార్. పిల్లగాడు నడక నేర్చేటప్పుడు బాపు వెనకాల నడుస్తడు. బాపు చాల్, గదే నడక, ఎట్లుంటే గట్లనే వాడి చాల్. బరువు బాపుది, వంపు బేటాది." ఇంత మాట చెప్పి, వెంటనే పనిలోకి వచ్చేశాడు. "లోపల ప్యాడ్ పెడితే సమానంగ కనబడుతది. పెట్టాల్నా, వద్దా?"

మామూలుగా అయితే పెట్టమనేవాణ్ని. ఆ రోజు మాత్రం రెండు రోజుల్లో చెబుతానని బయటికొచ్చాను.

అసలు సంగతేమిటంటే, నేను చెప్పే సబ్జెక్టు ఆంత్రపాలజీ. అందులో హాబిటస్ అని ఒక పాఠం ఉంది. ఆరేళ్లుగా చెబుతున్నాను. మనం పెరిగిన ఇల్లు, మనవాళ్లు చేసిన పని, వాళ్లకు ఉన్నదీ లేనిదీ, ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే మన ఒంట్లోకి దిగుతాయి. మనం నిలబడే తీరు, తినే తీరు, ఏది చూసి సిగ్గుపడతామో ఏది చూసి ముచ్చటపడతామో, అన్నింట్లోనూ అవే ఉంటాయి. పైగా అది మన సొంత స్వభావమేనని మనం నమ్ముతాం. బోర్డు మీద ఇంతవరకు రాసి, కింద ఒక గీత గీసి, తర్వాతి పాఠంలోకి పోయేవాణ్ని. తెలుగులో దీన్ని ఏమనాలో కూడా నాకు సరిగ్గా తెలియదు. అలవాటు అంటే సరిపోదు, అలవాటైతే మనకు తెలుస్తుంది, మానుకోవచ్చు కూడా. ఒకసారి 'ఒంటికి పట్టిన బతుకు' అన్నాను. పిల్లలు అదే రాసుకున్నారు.

ఆ రోజు మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా మెట్రోలో నేను చూసినవన్నీ భుజాలే. క్లాసులో నూటఇరవై మంది ఉన్నారు. హాబిటస్ మళ్లీ చెప్పాల్సిన రోజు కాదు. అయినా మైకు పట్టుకుని, వెనక్కి తిరిగి నా భుజం చూపించి, ఫోటోగ్రాఫర్ దగ్గర మొదలుపెట్టి దర్జీ మాట దాకా చెప్పాను. మా నాయన హమాలీ అని చెప్పాను. క్లాసులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆరేళ్లలో ఆ పాఠానికి అంత నిశ్శబ్దం ఎప్పుడూ రాలేదు. నాకు సంతోషమైంది, ఎందుకో భయం కూడా వేసింది.

క్లాసు అయ్యాక ఒక అమ్మాయి వచ్చి బల్ల పక్కన నిలబడింది. దేవరకొండ వైపు నుంచి వచ్చి, సైదాబాద్‌లో హాస్టల్‌లో ఉంటోంది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి.

"సార్, మా మామ గూడ హమాలే. మూట మోసే భుజం దిగదు సార్. లేస్తది. బరువు జారకుండ పైకి ఎగేసి పట్టుకుంటరు గద. మా మామది ఎడమ భుజం గిట్ల పైకుంటది," అని తన భుజం ఎగరేసి చూపించింది. "సార్, మీ నాయన ఏ భుజం మీద మోసేటోడు?"

నాకు తెలియదు. నలభై మూడేళ్లు ఆయనతో ఒకే ఇంట్లో ఉన్నాను, తెలియదు. "కనుక్కుని చెబుతా," అన్నాను.

ఎల్బీనగర్‌లో మెట్రో దిగి మా కాలనీలోకి నడుస్తుంటే అడుగులు సరిగ్గా పడలేదు. ఎట్లా నడుస్తున్నానో చూసుకోవడం మొదలుపెట్టేసరికి నడవడం రావడం లేదు. స్టేషన్ మెట్ల మీద ఒక మెట్టు తప్పాను కూడా. చేతులు ఊపాలా, ఎంత ఊపాలి? ఇన్నేళ్లు ఎవరు ఊపారు వాటిని?

ఇంటికి వచ్చేసరికి నాయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాడు. బనీను మీద ఉన్నాడు. నేను చెప్పులు విప్పకుండా వెనక్కి వెళ్లి నిలబడి ఆయన భుజాలు చూశాను. కుడి భుజం దిగినట్టే అనిపించింది. ఆయన గింజ కోసం వంగితే ఎడమది దిగినట్టు అనిపించింది.

"ఏందిరా, ఎనక నిలబడ్డవ్?"

"నాయినా, మార్కెట్ల మూట ఏ భుజం మీద మోసేటోడివి?"

"భుజం మీద ఎవడు మోస్తడు?" అన్నాడు, నేనేదో చిన్నపిల్లల మాట అడిగినట్టు. "బత్తాయి గంప నెత్తి మీద. తువ్వాల సుట్ట జేసి పెట్టుకొని దాని మీద గంప. సంచులైతే ఈపు మీద. భుజం మీద పెడితే కాయ నలుగుతది, సేటు తిడుతడు. బియ్యం మార్కెట్లోళ్లు మోస్తరు భుజం మీద. గది వేరే పని."

నేను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను. ఫోటో, దర్జీ, క్లాసు. క్లాసులో ఆయన సంగతి చెప్పానన్న మాట దగ్గర తడబడ్డాను. ఇన్నాళ్లూ చెప్పలేదని కూడా అప్పుడే బయటపడుతుంది కదా.

నాయన కాయలు పక్కన పెట్టాడు. "నా సంగతి చెప్పినవా? క్లాసుల?"

"ఔ."

"ఎందరున్నరు?"

"నూటఇరవై మంది."

చేతులకు అంటిన పొట్టు దులుపుకున్నాడు. ఆయన బాధపడుతున్నాడనుకున్నాను. తర్వాత, "భుజం మీద మోసిండని చెప్పినవా?" అన్నాడు.

"భుజమనే చెప్పిన."

"తప్పు చెప్పినవ్. గంతమందికి తప్పు చెప్పినవ్. రేపు పోయి సక్కగ చెప్పు."

ఆయనకు పట్టింది అదొక్కటే. చదువుకున్న పిల్లలు నూటఇరవై మంది, తను బత్తాయి గంపను భుజం మీద పెట్టుకున్నాడని అనుకుంటున్నారు. అది ఆయన తట్టుకోలేకపోతున్నాడు.

ఈ గొడవ విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. నన్ను అంగీ విప్పమంది. విప్పాక ఇద్దరూ నా వెనక చేరి చూశారు. నాయన వేలితో కొలిచి, "ఔను, దిగింది," అన్నాడు. "నాకు లేదు గిది. మా నాయినకు గూడ లేదు."

"నీళ్లు మోసిండు గద, గందుకే," అంది అమ్మ. "మనం గీ కాలనీకి ఒచ్చినప్పుడు నల్లా ఏడిది? ట్యాంకర్ ఆ మూలకు ఒచ్చేది. రోజు రెండు బిందెలు వీడే తెచ్చెటోడు, కుడిచేత్తోని."

నాకు అందులో ఒక్క బిందె కూడా గుర్తులేదు. ట్యాంకర్ గుర్తుంది, దాని వెనక నీళ్లు కారే పైపు గుర్తుంది, లైన్లో ఆడవాళ్ల అరుపులు గుర్తున్నాయి. చేతిలో బరువు గుర్తులేదు. నాగోల్‌లో ఉండే అక్కకు ఫోన్ చేశాను. అక్క పడీపడీ నవ్వింది.

"నువ్వెప్పుడు మోసినవ్‌రా? నేను మోసిన. నువ్వు ఖాళీ చేతులతోని నా పక్కపొంటి నడిచేటోడివి. అమ్మకు నువ్వు చేసిందే కనబడ్తది, నేను చేసింది కనబడదు."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అమ్మ విన్నది. "అదెప్పుడు మోసింది?" అంది. ఇద్దరూ ఫోన్‌లో వాదులాడుకోవడం మొదలుపెట్టారు. అరగంట గడిచినా బిందె ఎవరు మోశారో తేలలేదు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదని మాత్రం నాకు అనిపించింది. బిందె మోస్తున్న అక్క పక్కన నడిచి ఆమెలా ఒరిగానా, నేనే మోసి మరిచానా, ఇన్నేళ్లు బోర్డు మీద రాసి రాసి ఇలా అయిందా, పుట్టుకతోనే ఉందా? అక్కకు ఆ వంపు ఉందేమో చూద్దామన్నా, ఫోన్‌లో భుజం కనబడదు.

మర్నాడు పొద్దున నేను టీ తాగుతుంటే నాయన లోపలికి పిలిచాడు. వంటింటి మూలన పాతిక కిలోల బియ్యం సంచి ఉంది. "చూడు," అని కండువా నడుముకు బిగించాడు. "సంచి ఎట్ల ఎత్తాలెనో సూపిస్త. పిల్లలకు సక్కగ చెప్పు."

"నీకేమన్న సోయి ఉన్నదా? నడుము పట్టుకుంటే దవాఖానకు ఎవడు తీస్కపోతడు?" అని అమ్మ అడ్డం వచ్చింది. ఆయన వినలేదు. మోకాళ్లు పక్కలకు తెరిచి, అరికాళ్లు నేలకు అతికినట్టు పెట్టి కిందికి దిగాడు. సంచి చెవులు రెండూ దొరకబుచ్చుకుని ఒక్క విసురులో తిరిగాడు. సంచి వీపు మీదికి ఎప్పుడు పోయిందో నాకు కనబడలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి చిన్న చిన్న అడుగులతో గబగబా హాలు దాకా పోయి వచ్చాడు. మెడ ముందుకు సాగింది. మొహంలో వేరే ఎవరో వచ్చి ఉన్నట్టుంది. ఇంట్లో కాళ్లు ఈడుస్తూ నడిచే మనిషి ఆ కొద్దిసేపు లేడు. తర్వాత సంచి దించి, గోడకు ఆనుకుని ఆయాసపడ్డాడు.

"ఇప్పుడు నువ్వెత్తు."

నేనెప్పుడూ సంచి ఎత్తలేదు. కిరాణా కొట్టు వాళ్లు ఇంట్లో పెట్టిపోతారు. ఏం చేయాలో తెలియక సంచి ముందు నిలబడి వంగాను. వంగగానే నాయన, "ఆగు," అన్నాడు.

ఆగాను.

"మోకాళ్లు గట్ల తెరవమని ఎవరు చెప్పిండ్రు నీకు?"

కిందికి చూసుకున్నాను. మోకాళ్లు పక్కలకు తెరుచుకుని ఉన్నాయి. అరికాళ్లు నేలకు అతికి ఉన్నాయి. "నువ్వు ఇప్పుడే చేసినవ్ గద, చూసి చేసిన," అన్నాను. "చూసి గంత తొందరగ రాదు," అన్నాడాయన. "కొత్తోళ్లకు నెల పడ్తది. నడుము వంచుతరు, మోకాళ్లు వంచరు." అమ్మ వైపు తిరిగి, "వీణ్ని మార్కెట్‌కు ఎప్పుడన్న తోల్కపోయిన్నా?" అని అడిగాడు. సెలవుల్లో అన్నం గిన్నె ఇచ్చి పంపేదాన్నని అమ్మ చెప్పింది. అది నాకు గుర్తుంది. బత్తాయి రాశుల మధ్య కూర్చుని, ఆయన తినేదాకా ఎదురుచూడటం గుర్తుంది. మోకాళ్లేవీ గుర్తులేవు.

సంచి లేపబోయాను. బెత్తెడు లేచి, జారి, కాలి మీద పడింది. మోకాళ్ల దాకా వచ్చిన విద్య చేతుల దాకా రాలేదు. అమ్మ నవ్వింది. నాయన నవ్వలేదు, నా మోకాళ్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో ఉన్నది సంతోషమా, కోపమా? తను పడ్డ కష్టం నాకు తగలకూడదని ఆయన నన్ను చదివించాడు.

మధ్యాహ్నం క్లాసులో మైకు పట్టుకుని, "నిన్న చెప్పిన ఉదాహరణ తప్పు," అన్నాను. మా నాయన బరువు నెత్తి మీద, వీపు మీద మోశాడని, నా భుజం ఎందుకు దిగిందో తెలియదని చెప్పాను. మోకాళ్ల సంగతి కూడా చెప్పాను గానీ, అది వింటున్నట్టు ఎవరూ కనబడలేదు. నిన్నటి నిశ్శబ్దం లేదు. వెనక వరసలోంచి ఒకతను లేచాడు.

"సార్, మేం నోట్స్‌ల రాసుకున్నం. గది కొట్టెయ్యాల్నా? ఎగ్జామ్ల ఏం రాయాలె?"

"డెఫినిషన్ రాయండి," అన్నాను.

ఆదివారం నాయన నాతో మలక్‌పేట వచ్చాడు. నేను పిలవలేదు, ఆ దర్జీని చూడాలన్నాడు. దుకాణంలోకి వెళ్లగానే అంగీ విప్పేసి అద్దం ముందు నిలబడి, "కొలువు భాయ్," అన్నాడు. దర్జీకి విషయం చెప్పాను. ఆయన టేపు తీసి ఎడమ పక్క, కుడి పక్క, మళ్లీ ఎడమ పక్క కొలిచాడు. అరచేతులు ఆనించి చూశాడు.

"లెఫ్ట్ అర వేలు దిగింది. రైట్ మంచిగుంది," అన్నాడు, నమ్మలేనట్టు. టేపు చేతికి చుట్టుకుంటూ నన్నొకసారి, నాయనను ఒకసారి చూశాడు. "సమజ్ అయితలేదు సార్. నేను శానామందికి చెప్పిన ఈ మాట. ఎవ్వరు బాపును తీస్కొని రాలె."

ఇద్దరు ముసలివాళ్లూ స్టూళ్ల మీద కూర్చుని మార్కెట్ గురించి మాట్లాడుకున్నారు. దర్జీ ఏటా ఎండాకాలం ఆ మార్కెట్‌కే మామిడిపళ్లకు పోయేవాడట. నన్ను మరిచిపోయారు. చివరికి నేనే ప్యాడ్ మాట ఎత్తాను. మొదట వద్దందామనుకున్నాను. నాయన గుర్తు కదా అని. ఇప్పుడు అది ఎవరి గుర్తో తెలియదు. ఎవరిని దాచినట్టవుతుందో, ఎవరిని చూపించినట్టవుతుందో తెలియదు.

"పెట్టు," అన్నాడు నాయన. "ఫోటోల మంచిగ కనబడాలె."

"సగం పెడత," అన్నాడు దర్జీ. "పూర పెడితే అద్దంల సార్‌కే సార్ వేరే మనిషి లెక్క కనబడ్తడు."

కోటు వారంలో వచ్చింది. ఫోటో కూడా దిగాను. ఫోటోగ్రాఫర్ ఈసారి ఏమీ అనలేదు. ఫ్లెక్సీ కట్టిన రోజు మెట్రో మెట్ల మీద ఆగి కాసేపు చూశాను. అంత ఎత్తున, చేతులు కట్టుకున్న తొమ్మిది మందిలో ఎవరి భుజం ఎట్లా ఉందో ఏమీ తెలియలేదు.

కొన్నాళ్లకు ఆ దేవరకొండ అమ్మాయి స్టాఫ్ రూమ్‌కు వచ్చింది. కూర్చోమన్నాను. కూర్చుంది.

"సార్, ఇంటికి పోయినప్పుడు నేను గూడ చూసిన. మా అమ్మ ఏడ కూసున్నా కుర్చీ అంచునే కూసుంటది, ఎవరన్న లెమ్మంటే లేచేటట్టు. నేను గూడ గట్లనే. మా తమ్ముడు మాత్రం కాళ్లు సాపి, ఎనక్కు ఒరిగి కూసుంటడు. ఒక్క ఇంట్లనే పెరిగినం, ఒక్క అమ్మనే చూసినం. మరి ఇది హాబిటసేనా సార్, వేరే ఏమన్ననా?"

పుస్తకంలో దీనికి జవాబు ఉంది. ఆడపిల్లకు, మగపిల్లవాడికి ఇల్లు ఒక్కటే అయినా అది నేర్పేది ఒక్కటి కాదని రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు. చెప్పడానికి నోరు తెరిచాను. ఆ అమ్మాయి కుర్చీ అంచున, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, జవాబు రాగానే లేచిపోవడానికి సిద్ధంగా ఉంది. వెనక్కి ఆనుకుని కూర్చోమని అనబోయాను. అంటే ఇబ్బంది పడుతుందేమో, కూర్చోవడమే మరిచిపోతుందేమో అనిపించింది.

"హాబిటసే అనుకుంటా," అన్నాను.

"అనుకుంటా అంటే ఎట్ల సార్?" అంది. నేను ఇంకొక కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆ రోజు ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆమె తమ్ముడి గురించి, మా అక్క గురించి. ఏదీ తేలలేదు.